నాన్న బండికి నా బిడియం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, నానమ్మ, బాబాయి, నేను. మేము కాక బ్రేకు ఇన్‌స్పెక్టరు సుదర్శనం గారు, ఆయన వెంట కాకినాడలోని ఏదో ప్రయోగశాల నుంచి వచ్చిన వసుంధర మేడమ్. వాకిట్లో కొత్త కరెంటు బండి. దొడ్లో మా గేదె బంగారి. గేదెని కూడా ఎందుకు లెక్కపెట్టానో మీకే తెలుస్తుంది.

నేను కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, వంటింటి తలుపు వెనక్కి వెళ్ళిపోయాను. కొత్తవాళ్ళు ఇంటికొస్తే నా చోటు అదే. నా పేరు ఝాన్సీ. ఆ పేరు పెట్టేటప్పుడు నన్నెవరూ అడగలేదు.

వాళ్ళు వచ్చింది నాన్న కోసం. మా నాన్న అబ్బులు ఒక మిఠాయి కొట్టులో వ్యాను నడిపేవాడు. మండపేటలో ఒక పెళ్ళికి కాజాల బుట్టలు తీసుకెళ్ళి, పెళ్ళికొడుకు తమ్ముళ్ళతో కలిసి తాగి, ఆ మీదట వ్యాను వెనక్కి తిప్పబోయి తిన్నగా పందిట్లోకి పోనిచ్చాడు. డోలు పగిలింది. డోలు వాయించే ఆయన అప్పుడే కిళ్ళీ కోసం లేచాడు కాబట్టి బతికాడు. వ్యానులో అమ్మ పక్క సీట్లోనే ఉంది. ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో నేరుగా మాట్లాడటం మానేసింది.

"అమ్మలూ, అన్నం చల్లారిపోతోందని చెప్పు," అనేది. నాన్న ఆ పీట మీదే కూర్చుని ఉండేవాడు.

"నాన్నా, అన్నం చల్లారిపోతోందట."

"తింటున్నానని చెప్పమ్మా."

అలా నేను మా ఇంటి పోస్టాఫీసునయ్యాను. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేదాన్ని నేనే. అందరి మాటలూ మోసేదాన్నీ నేనే.

కోర్టులో నాన్న తప్పు ఒప్పుకున్నాడు. లైసెన్సు పోయింది, ఉద్యోగం పోయింది. జడ్జిగారు జైలుశిక్ష వేసి, కొత్త చట్టం కింద ఒక వెసులుబాటు కూడా ఇచ్చారు. ఇంట్లోవాళ్ళు ఒకరు పూచీ పట్టీ కట్టుకోవాలి. ఆ పట్టీకి కలిపిన బండి మీద నాన్న ఏడాది పాటు పని చేసుకుంటూ తిన్నగా ఉండాలి. అప్పుడు జైలు ఉండదు. పని మధ్యలో పోతే మాత్రం జైలే. పని 'గుమ్మందాకా' అనే కంపెనీలో దొరికింది. టిఫిన్లు, మందులు, చీరలు, ఎవరేది అడిగితే అది వాళ్ళ గుమ్మం దాకా చేర్చడం.

వసుంధర మేడమ్ సంచిలోంచి చేతికి కట్టుకునే ఆ పట్టీ, చెవిలో పెట్టుకునే చిన్న మొగ్గ తీసింది.

"బండి చుట్టూ ఏం వినిపిస్తుందో పట్టీ కట్టుకున్నవాళ్ళకి అదే వినిపిస్తుందండి. వాళ్ళ గుండె ఉలిక్కిపడిందంటే బండి ఆగుతుంది. కుదుటపడిందంటే కదులుతుంది. గుండెకి హాయిగా ఉన్నవైపు మొగ్గుతుంది కూడా. తాగినవాడికి ముందుగా పోయేది చూపు కాదండి, భయం. ఆ భయం ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. అది అరువు తెచ్చుకుంటాం."

"తెచ్చుకోండి తల్లీ, మా ఇంట్లో దానికేం కొదవ లేదు," అంది నానమ్మ.

ముందు బాబాయి చెయ్యి చాపాడు. పట్టీ తగలగానే ఎర్రగా వెలిగింది. మేడమ్ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"పొద్దున్నే తాటికల్లు ఒంటికి మంచిదండి. డాక్టర్లే చెప్తారు," అన్నాడు బాబాయి.

"ఏ డాక్టరు?" అన్నారు సుదర్శనం గారు. బాబాయికి వెంటనే పొలంలో పని గుర్తొచ్చింది.

తర్వాత అమ్మ కట్టుకుంది. నాన్న బండెక్కి, "మంగా, భయపడకు," అన్నాడు. అంతే, హారను మోగడం మొదలై ఆగలేదు. బండి నాన్నని ఎక్కించుకుని వాకిట్లో గిరగిరా తిరిగింది. "ఇది భయం కాదండి, కోపం," అంటూ మేడమ్ పరిగెత్తుకొచ్చి పట్టీ ఊడదీసింది. నానమ్మ కట్టుకుంటే బండి నాలుగడుగులు వేసి, వేపచెట్టు నీడలో నిలబడిపోయింది. అందరూ బండి చెడిపోయిందనుకున్నారు. చూస్తే నానమ్మ మంచం మీద కునుకు తీస్తోంది.

"ఆ తలుపు వెనక ఎవరో ఉన్నట్టున్నారు?" అంది మేడమ్.

"మా అమ్మాయండి. ఉన్నా లేనట్టే అనుకోండి," అన్నాడు నాన్న.

నన్ను లాక్కొచ్చి పట్టీ కట్టారు. నేను తల ఎత్తలేదు. నాన్న రోడ్డెక్కగానే నా చెవిలోకి రోడ్డంతా వచ్చింది. ఇసుక లారీ ఎంత దూరంలో ఉందో, సైకిలాయన ఎటు తిరగబోతున్నాడో నా ఒంటికి తెలిసిపోతోంది. లారీకి దారిచ్చి, కోడిపిల్లల్ని తప్పించి, నాన్న బండి చక్కగా తిరిగొచ్చింది. పట్టీ పచ్చగా వెలుగుతోంది.

"ఇంత సున్నితమైన నాడి నేనెక్కడా చూళ్ళేదు," అంది మేడమ్. సుదర్శనం గారు కాగితాల మీద అందరి చేతా సంతకాలు పెట్టించారు. అమ్మ నా వైపు తిరిగి, "జాగ్రత్తగా నడపమని చెప్పు," అంది.

మొదటి రోజు ఆదివారం. బండి మండపేట దాకా పేరంటానికి వెళ్ళే ముత్తైదువలా వెళ్ళింది. నేను పప్పు రుబ్బుతూ కూర్చున్నాను. నాన్న మొదటి ఇంటి ముందు ఆపి, "ఏవండోయ్, టిఫినండీ!" అని కేకేశాడు.

"ఎవరూ?" అంది ఒక ఆడగొంతు, నా చెవిలోనే.

నా గుండె ఉలిక్కిపడింది. బండి గభాల్న వెనక్కి జరిగింది. నాన్న ముందుకి తిప్పుతున్నాడు, అది గేటుకి బారెడు దూరంలో బిగుసుకుపోయింది.

వసుంధర మేడమ్ లారీల భయమే కొలిచింది. నాకు లారీలంటే ఎప్పుడూ పెద్ద భయం లేదు. నాకు భయం మనుషులంటే. వాళ్ళు తలుపు తీసి, ఎగాదిగా చూసి, "ఎవరమ్మాయివి?" అంటారు. అప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. నా భయమంతా ఆ చెప్పడం దగ్గరే.

ఆ రోజు నుంచి మండపేటలో ఏ గేటూ మా బండికి నచ్చలేదు. అరుగు మీద నలుగురు కూర్చుంటే ఆ వీధిలోకి తిరిగేది కాదు. కుర్రాళ్ళ గుంపు కనిపిస్తే సందు చివర తల దించుకుని నిలబడేది. ఫంక్షన్ హాలుకి బిరియానీలు తీసుకెళ్ళిన రోజు, సన్నాయి వినగానే వెనుదిరిగి సగం ఊరు దాటింది. నాన్న ప్రతి ఇంటికీ పొట్లం పట్టుకుని నడవాల్సి వచ్చేది. నడిచేసరికి దోసెలు చల్లారేవి. కంపెనీ ఫోనులో జనం రాసే అభిప్రాయాలు నాన్న నాకు చదివి వినిపించేవాడు.

'మనిషి మంచివాడే. బండికి మొహమాటం ఎక్కువ.'

'మా ఇంటిదాకా వచ్చి మా మామగారిని చూసి వెళ్ళిపోయింది. బండిని తప్పుపట్టలేను.'

నవ్వుతూనే చదివేవాడు. ఒక్కో అభిప్రాయానికీ ఒక్కో నక్షత్రం రాలిపోతోందని మాత్రం చెప్పేవాడు కాదు.

బడికి కూడా పట్టీ కట్టుకునే వెళ్ళేదాన్ని. కోర్టు కాగితం చూసి హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. లెక్కల మాస్టారు నా వైపు చూస్తే చాలు, నాన్న ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేవాడు. సరిగ్గా ఐస్‌క్రీములు వేసుకెళ్ళిన రోజే మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. సాయంత్రం నాన్న చొక్కా అంతా గులాబీరంగు మరకలతో వచ్చాడు.

"కాలవ వంతెన మీద చాలాసేపు ఆగానమ్మా. గాలి బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

"చొక్కా విప్పి ఇవ్వమని చెప్పు," అంది అమ్మ.

ఒక్కచోట మాత్రం నాకు నిజంగానే భయమేసింది. నేను బళ్ళో చెట్టు కింద అన్నం తింటున్నాను. నాన్న వెళ్ళే దారిలో బ్రాందీ షాపు ఉంది. అక్కడ ఆయన పాత నేస్తం గంగరాజు గొంతు వినిపించింది.

"ఒరే అబ్బులూ! ఏంట్రా ఆ చొక్కా, ఆ పెట్టె! నువ్వొకప్పుడు వ్యాను డ్రైవరువిరా. రా, ఒక్క గుక్క. ఎవడు చూడొచ్చాడు?"

గ్లాసు చప్పుడైంది. నా ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. బండి ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఆగిన బండి దిగి షాపులోకి వెళ్ళడానికి నాన్నకి ఏ పట్టీ అడ్డం లేదు.

"వద్దురా," అన్నాడు నాన్న. "మా అమ్మాయి వింటోంది."

"ఎక్కడ?"

"ఇదిగో, బండిలో."

చెప్పుల చప్పుడు బండి దగ్గరికొచ్చింది. తర్వాత గంగరాజు గొంతు బాగా దగ్గరగా, హెడ్‌లైటు ముందు వంగి మాట్లాడుతున్నట్టుగా వచ్చింది. "బాగున్నావా అమ్మా? చదువు బాగా సాగుతోందా? నేను నీ గంగరాజు మావయ్యని. ఊరికే వేళాకోళానికి అన్నాన్లేమ్మా, మీ అమ్మతో చెప్పకు."

నాకు నవ్వొచ్చింది. బండి కదిలింది.

ఆ తర్వాత ప్రార్థనలో వార్తలు చదివే వంతు నాకొచ్చింది. మైకు ముందు, బడంతా వింటుండగా. ఆ పూట నాన్నకి టిఫిన్ల గిరాకీ ఎక్కువ. నేను మైకు ముందు నిలబడితే ఆయన నడిరోడ్డు మీద బిగుసుకుపోతాడు. ఇంకొక్క నక్షత్రం రాలితే పని పోతుందని కంపెనీవాళ్ళు అప్పటికే చెప్పేశారు. అందుకని పట్టీ ఊడదీసి నానమ్మ చేతికి కట్టాను.

"ఈ ఒక్క పూటా పడుకోకు నానమ్మా."

"నేనెందుకు పడుకుంటానే," అంది నానమ్మ, ఆవలిస్తూ.

ఆవిడకి తన సంగతి తెలుసు. పడుకుంటే కొడుకు రోడ్డు మీద ఆగిపోతాడు. బాగా ఆలోచించి, ఇంట్లో అందరికంటే నిబ్బరమైన గుండె ఎవరిదో తేల్చింది. పట్టీ తీసుకెళ్ళి బంగారి తోక మొదట్లో కట్టింది. పశువుల డాక్టరు నాడి పట్టి చూసేది అక్కడేనట. మొగ్గని గుడ్డపేలికలో చుట్టి దాని చెవిలో పెట్టింది.

నాన్నకి ఇదేమీ తెలియదు. మొదట్లో ఆయనకి బండిని చూసి మహా ముచ్చటేసిందట. అది రోడ్డు నడిమధ్యనే నడిచిందట. ఆర్టీసీ బస్సు హారను కొట్టి కొట్టి చివరికి తనే పక్కకి దిగిందట. "మా అమ్మాయికి ఎంత ధైర్యం వచ్చిందో!" అని నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. రెండు ఇళ్ళకి గుమ్మం ముందుకే వెళ్ళి ఇడ్లీలు ఇచ్చాడట.

ఎండెక్కగానే నానమ్మ బంగారిని కడగడానికి కాలవకి తోలుకెళ్ళింది. బంగారి నీళ్ళలోకి దిగి హాయిగా ఊపిరి వదిలింది.

అక్కడ కాలవగట్టు మీద వెళ్తున్న నాన్న బండి కూడా నీళ్ళవైపు రోడ్డు దిగింది. బ్రేకు వేస్తే వినలేదు, తిప్పితే తిరగలేదు. గట్టు దిగి, రెల్లు తోసుకుంటూ, నాన్నతోనూ సాంబారుతోనూ సహా కాలవలోకి వెళ్ళి, నడుములోతున నిలబడింది. అవతలి రేవులో బట్టలుతుకుతున్నవాళ్ళు, "ఏవండీ, ఒళ్ళు రుద్దాలా దానికి?" అని అడిగారట.

నేను వార్తలు చదివాను. ముందు వరసకే వినిపించిందని నా స్నేహితురాలు చెప్పింది. మా ఊళ్ళో ఆ రోజు నిజమైన వార్త మాత్రం అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. నాన్న నీళ్ళలో బండి మీద కూర్చుని, పెట్టె తల మీద పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకి నమస్కారాలు పెడుతున్న వీడియో.

మర్నాడు సుదర్శనం గారి జీపు మా వాకిట్లో ఆగింది. నేను నా చోటికి వెళ్ళిపోయాను.

"పూచీ సంతకం పెట్టింది అమ్మాయి. పట్టీ కట్టుకున్నది గేదె. దీన్ని నేను కోర్టులో ఏమని రాయాలి?" అన్నారు ఆయన.

"గేదె తాగదు బాబూ. కుడితి తప్ప," అంది నానమ్మ.

వసుంధర మేడమ్ నవ్వాపుకోలేక జేబురుమాలు అడ్డం పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "తప్పు నాది కూడానండి. అమ్మాయికి మనుషులంటే ఇంత బెదురని నేను చూసుకోలేదు. పట్టీ చురుకు తగ్గించగలను. కానీ లారీని చూసినా, మనిషిని చూసినా గుండె తట్టే తట్టు ఒకటే. ఒకటి తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది. అప్పుడు పట్టీ ఉన్నా లేనట్టే."

"కంపెనీవాళ్ళతో మాట్లాడాను," అన్నారు సుదర్శనం గారు. "ఒక్క ఆర్డరు ఇస్తామన్నారు. ఇప్పుడే. మేం వెనక వస్తాం. బండి గుమ్మం దాకా వెళ్ళిందా సరే. లేదంటే పని లేదు. పని లేదంటే పూచీ లేదు. మిగతాది నీకు తెలుసు."

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తీసేయండి మేడమ్," అన్నాడు. "నేనెళ్తాను జైలుకి. తాగింది నేను. పిల్ల అన్నం తింటున్నా, పాఠం వింటున్నా నా బండి మోస్తోంది. బళ్ళో మాస్టారు గట్టిగా అడిగితే, పాపం, జవాబు కంటే ముందు నేనెక్కడ ఆగానో అని దిగులు పడుతోంది. నాకు తెలుసండి. నేను ఆగిన ప్రతిసారీ అక్కడ అదెంత వణికిందో నాకు తెలుస్తూనే ఉంది."

అమ్మ కొంగు నడుముకి దోపుకుని వాకిట్లోకి వచ్చింది. నా కోసం తలుపు వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"ఏవండీ," అంది. "నోరు మూసుకుని బండి తీయండి."

నాన్న మొహం వెలిగిపోయింది. పెళ్ళి నాటి ఫొటోలో కూడా అలా లేదు. "నాతోనేనా?" అన్నాడు.

"కాదు, గేదెతో."

ఇన్నాళ్ళూ నేను మోసిన మాటల్లో వాళ్ళకి అంత సంతోషమిచ్చిన మాట ఒక్కటీ లేదు. నా పోస్టాఫీసు మూతపడిందని అర్థమైంది. ఇంకేదైనా పని చూసుకోవాలి.

"నేనూ వస్తాను," అన్నాను.

ఆ మాట ఎవరన్నారా అని అందరూ చుట్టూ చూశారు.

పట్టీ కట్టుకుని నాన్న వెనక కూర్చున్నాను. ఒళ్ళో పెసరట్టు పొట్లం, వేడిగా. ఇన్నాళ్ళూ తలుపుల చప్పుడు వినడమే గానీ ఒక్క తలుపూ చూసింది లేదు. చెవిలో మొగ్గ ఉండటంతో ప్రతి చప్పుడూ రెండుసార్లు వినిపిస్తోంది, ఒకసారి బండికి, ఒకసారి నాకు. జీపు వెనకే వస్తోంది.

ఆ ఇల్లు నీలంరంగు గేటుది. గేటు బార్లా తీసి ఉంది. లోపల అప్పుడే పెట్టిన పెద్ద ముగ్గు, ఇంకా తడి ఆరలేదు. బండి గేటుకి బారెడు దూరంలో ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. నాన్న యాక్సిలరేటరు చివరిదాకా తిప్పి పట్టుకున్నాడు. కదల్లేదు. జీపులోంచి సుదర్శనం గారు తొంగిచూశారు.

"ఫర్లేదమ్మా," అన్నాడు నాన్న వెనక్కి తిరక్కుండా. "వెళ్ళిపోదాం."

నేను దిగాను. పొట్లం పట్టుకుని గేటు దాటి, ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచి, గంట నొక్కాను. అది రెండుసార్లు మోగింది. నా గుండె మాత్రం లెక్కలేనన్నిసార్లు.

"ఎవరూ?"

మొదటి రోజు విన్న గొంతే. పారిపోవడానికి అక్కడ వంటింటి తలుపు లేదు. నోరు తెరిస్తే ఏం వస్తుందో తెలియకుండానే తెరిచాను.

"గుమ్మందాకా అండీ."

తలుపు తెరుచుకుంది. ఒకావిడ. సగం జడ అల్లుకుంది, సగం అల్లుకోలేదు. పళ్ళ మధ్య దువ్వెన, భుజానికీ చెవికీ మధ్య ఫోను. నా మొహం వైపు చూడనే లేదు. పొట్లం వైపు చూసి, దువ్వెన తీసి, "అల్లప్పచ్చడి పెట్టారా?" అంది.

"పెట్టారండీ."

అంతే. ఎవరమ్మాయివని అడగలేదు. ఎగాదిగా చూడలేదు. తలుపుల వెనక మనుషులందరూ నన్ను చూడటానికే కాచుకుని ఉంటారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఈవిడ కాచుకున్నది పెసరట్టు కోసం. నాకు లోపల ఏదో మెల్లగా కిందికి దిగి, తన చోట తను కూర్చుంది. చేతి పట్టీ పచ్చగా వెలిగింది.

నాన్న యాక్సిలరేటరు ఇంకా చివరిదాకా తిప్పి పట్టుకునే ఉన్నాడు. ఆ సంగతి ఆయన మర్చిపోయాడు. నేనూ మర్చిపోయాను.

బండి ఒక్క దూకున గేటు దాటింది. "అమ్మలూ, పక్కకి!" అని నాన్న అరుపు రెండుసార్లు వినిపించింది. అది ముగ్గు నడిమధ్యనుంచి వచ్చి, మెట్టెక్కి, ముందు చక్రం నా మడమకి ఆనించి, పెంపుడు కుక్కలా ఆగింది. వెనక జీపులో సుదర్శనం గారు చప్పట్లు కొట్టారు. వసుంధర మేడమ్ ఈల వేసింది. ఈల వేయడం ఆవిడకి వచ్చని అప్పుడే తెలిసింది.

ఆ ఇంటావిడ పొట్లం చంకలో పెట్టుకుని, నన్ను దాటి, బండిని దాటి, ముగ్గు వైపు చూసింది. పొద్దుటినుంచి వంగి పెట్టిన చుక్కలన్నీ చక్రం వెంట తెల్లటి గీతై మెట్టుదాకా వచ్చేశాయి.

"అయ్యయ్యో, నా ముగ్గు! ఇంకోసారి ఆ మొహమాటం బండినే పంపించండమ్మా, మీకు పుణ్యముంటుంది!" అని, నా మొహం మీదే ధడాలున తలుపేసింది.